నడుమున కట్టిన ఋణము

2023 సెప్టెంబరు 8వ తేదీ రాత్రి హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి ఇండోర్ స్టేడియములో డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థవారి మల్లప్రదర్శనము జరిగినప్పుడు, చిన్ననాటినుండి టెలివిజన్ తెరపై మాత్రమే చూచిన జాన్ సీనాను కన్నులార చూడవలెనని తెలుగు యువజనము వేలకొలది అచ్చట చేరెను. ఆనాడు సీనాకు జతగా బరిలో నిలిచినవాడు సేథ్ రాలిన్స్. అప్పటికి అతడు ఆ సంస్థలో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. అయితే అంతకు పదమూడేండ్ల పూర్వము, టైలర్ బ్లాక్ అను వేరొక పేరుతో, రింగ్ ఆఫ్ ఆనర్ అను చిన్న స్వతంత్రసంస్థకు అతడే ఛాంపియన్‌గా నుండెను. 2010 ఫిబ్రవరిలో ఆ బెల్టు నడుమునకు కట్టుకొని, సెప్టెంబరులో మరియొకనికి అప్పగించి, పెద్దసంస్థ గడప తొక్కెను. ఆ బెల్టునకును ఈ బెల్టునకును గల భేదమును ధనముతో కొలిచినచో హస్తిమశకాంతరమే. గౌరవముతో కొలిచినచో మాత్రము లెక్క అంత సులభముగా తేలదు. నేను వ్రాయదలచినది ఆ రెండవ కొలతను గూర్చియే.

స్వతంత్ర రెజ్లింగ్ అనగా పెద్ద టెలివిజన్ ఒప్పందములుగాని, మల్లులకు ఏడాది పొడుగున జీతమిచ్చు స్తోమతగాని లేని చిన్నసంస్థల లోకము. అమెరికాలో అభిమానులు దానిని ఇండీ అని క్లుప్తముగా పిలుతురు. శనివారమో ఆదివారమో ఒక పాఠశాల వ్యాయామశాలనో, మాజీ సైనికుల సంఘభవనమునో, బింగో ఆడుకొను హాలునో అద్దెకు తీసికొని, లారీలో తెచ్చిన ఇనుపస్తంభములు నిలిపి, పలకలు పరచి, త్రాళ్ళు బిగించి, చుట్టును మడతకుర్చీలు వేసి, కొన్నివందలమంది వచ్చినచో ఆ పూట గట్టెక్కినదని సంతోషించు సంస్థలవి. మల్లులు రాత్రికింత యని మాట్లాడుకొని వచ్చువారు. నలుగురు కలిసి ఒక కారులో, పెట్రోలు ఖర్చు పంచుకొని, గంటలకొలది ప్రయాణముచేసి వచ్చి, ఇరువది నిమిషములు బరిలో ఒడలు విరుచుకొని, పిమ్మట ద్వారముకడ బల్ల వేసికొని తమ బొమ్మ అచ్చొత్తిన చొక్కాలమ్ముకొని, ఆ రాత్రియే మరల దారిపట్టుదురు. దెబ్బ తగిలినచో వైద్యము సాధారణముగా సొంతఖర్చే.

ఇక ఈ పోటీలలో జయాపజయములు ముందుగనే నిర్ణయింపబడునన్న సంగతి నేడు రహస్యము కాదు. ఎవరు గెలువవలెను, ఎంతసేపటికి, ఏ పట్టుతో నన్నది బుకర్ అనబడు నొక వ్యక్తి నిశ్చయించును. ఒకప్పుడు ఈ గుట్టును మల్లులు ప్రాణసమానముగా కాపాడిరి. 1989లో న్యూజెర్సీ రాష్ట్రమున, క్రీడలపై నుండు పర్యవేక్షణమును పన్నును తప్పించుకొనుటకై, నాడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనబడిన డబ్ల్యూడబ్ల్యూఈ వారే తమది వినోదమేగాని క్రీడ కాదని చట్టసభకు విన్నవించుకొనిరి. నాటితో ఆ తెర తొలగెను. మరి ఫలితము ముందే తెలిసినదైనప్పుడు ఛాంపియన్ అను మాటకు అర్థమేమి? గెలువుమని చెప్పగా గెలిచినవానికి గౌరవమెక్కడిది? ఈ ప్రశ్న అడుగువారు అనేకులు, అందులో అవహేళనముతో అడుగువారే అధికులు. ప్రశ్న మాత్రము మంచిదే.

మన ప్రాంతమున కాంట్రాక్టు నాటకముల కాలమెరిగిన పెద్దలకు దీనికి సమాధానము సగము ముందే తెలియును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను ఆడించు కాంట్రాక్టరు, ఒక్కొక్క నటుని ఒక్కొక్క ఊరినుండి రాత్రికింతయని మాట్లాడి పిలిపించెడివాడు. ప్రేక్షకులు కృష్ణుడెవరని అడిగి టిక్కెట్టు కొనెడివారేగాని, కురుక్షేత్రమున గెలుపెవరిదని అడిగినవాడు లేడు. పీసపాటి నరసింహమూర్తి రాయబారమున కృష్ణుడై నిలుచునన్న వార్త పొరుగూళ్ళకు పాకినచో బండ్లు కట్టుకొని వచ్చెడివారు. ఆ కిరీటము అట్టముక్కయని అందరికిని తెలియును. అయినను దానిని ఎవని తలపై పెట్టవలెనన్న నిర్ణయముపైననే ఆ రాత్రి వసూలు, కాంట్రాక్టరు మానము, మిగిలిన నటుల కూలి ఆధారపడియుండెను. ఛాంపియన్ బెల్టు సంగతియు నంతియే. పోటీ ఫలితము కల్పితమైనను, ఆ ఫలితమును ఎవరికి ఒప్పగింపవలెనన్న నిర్ణయము కల్పితము కాదు. అది వ్యాపారము తన భవిష్యత్తును ఒక మనుష్యుని నడుమునకు కట్టుట.

కావున ఛాంపియన్ నా దృష్టిలో ఋణగ్రస్తుడు. ఆ బెల్టునకు పూర్వులు గడించిన పరువును అతడు బదులు తెచ్చుకొనుచున్నాడు. చేతిలో నున్నన్నాళ్ళు రాత్రిరాత్రికి దానికి వడ్డీ కట్టవలెను. దిగిపోవునాడు అసలుకు మించి తరువాతివాని చేతిలో పెట్టవలెను. గెలిచిన క్షణమున వెలిగిన దీపములును, చప్పట్లును ఈ కథలో అతిస్వల్పభాగము. ఎట్లు మోసెను, ఎట్లు దించెను అన్నవే అభిమానులు ఏండ్ల తరువాతకూడ తలచుకొని తర్కించు విషయములు.

ఈ ఆచారమునకు మూలము నాటి అమెరికా మండలముల పద్ధతిలో నున్నది. 1948 జులైలో అయోవా రాష్ట్రములోని వాటర్లూ పట్టణమున కొందరు ప్రమోటర్లు కూడి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ అను కూటమిని స్థాపించిరి. ఎవరి మండలము వారిది. ఒకరి సరిహద్దులోనికి మరియొకరు రారాదు. ఛాంపియన్ మాత్రము అందరికిని ఒక్కడే. మొదటి ఛాంపియన్ ఓర్విల్ బ్రౌన్ 1949లో కారు ప్రమాదమున గాయపడి బరికి దూరము కాగా, ఆ పదవి లూ థెస్‌కు దక్కెను. నేటి వారము మిస్సోరీలో, వచ్చు వారము టెక్సస్‌లో, ఆపై ఫ్లోరిడాలో, ఇట్లు ఏడాదిపొడుగున తిరుగుటయే ఛాంపియన్ పని. పోయిన ప్రతిచోటను అచ్చటి స్థానికవీరునితో తలపడవలెను. గంటసేపు పోరాడి, వీడు నేడో రేపో ఛాంపియన్‌ను ఓడించితీరునన్న నమ్మకము ఊరివారికి కలిగింపవలెను. తుదకు ఎట్లో బెల్టుతో బయటపడవలెను. అతడు వెళ్ళిపోయిన మరునాడు ఆ స్థానికుడు మునుపటికంటె పెద్దవాడై కనబడినచో ఛాంపియన్ తన పని చేసినట్లు. కనబడనిచో, ఎంత గొప్పగా గెలిచినను, చేయనట్లే. థెస్ వంటివారిని ఏరుటకు మరియొక కారణమును కలదు. బుకర్ మాట ధిక్కరించి నిజముగనే పట్టుపట్టి బెల్టు లాగుకొన జూచు దుర్మార్గుడు ఎదురైనచో వానిని నిజముగనే అణచగల కుస్తీవిద్య ఛాంపియన్‌కు ఉండవలెను. కల్పితమైన బిరుదునకు నిజమైన బలము కాపలా కాయవలసియుండుట ఈ వృత్తిలోని విచిత్రములలో నొకటి.

ఛాంపియన్‌నుండి ధరావతు పుచ్చుకొను ఆచారముకూడ ఆ కూటమిదే. దిగిపొమ్మన్ననాడు మాటకు కట్టుబడి దిగిపోవుననుటకు అది పూచీ. 1991లో నాటి ఛాంపియన్ రిక్ ఫ్లేర్ తన సంస్థవారితో చెడి బయటకు వచ్చినప్పుడు, తాను కట్టిన 25,000 డాలర్ల ధరావతు తిరిగి ముట్టలేదని బెల్టును వెంటబెట్టుకొనిపోగా, అది ప్రత్యర్థి సంస్థవారి టెలివిజన్‌లో ప్రత్యక్షమయ్యెను. బెల్టును నేను ఋణమనుచున్నది కేవలము అలంకారముగా కాదని ఆ తగవే చెప్పుచున్నది.

థెస్ పేరు మన దేశముతోను ముడిపడియున్నది. 1968 మే 29వ తేదీన బొంబాయిలో దారాసింగ్ అతనిని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అనిపించుకొనెను. రామానందసాగర్ రామాయణములో హనుమంతుడుగా మన ఇండ్లకు వచ్చిన ఆ దారాసింగే. అప్పటికి థెస్ ఏబదిరెండేండ్లవాడు. అలయన్స్ బెల్టును రెండేండ్లక్రితమే జీన్ కినిస్కీకి వదలియుండెను. అయినను థెస్‌ను పడగొట్టినవాడన్న మాటకే లోకమున ప్రపంచ బిరుదునకు తగిన విలువ కలిగెను. ఏండ్లతరబడి ఒక్క మనుష్యుడు మోసిన పరువు, బెల్టు చేజారిన తరువాతకూడ, వాని దేహమునందే కొంతకాలము నిలిచియుండునన్నమాట.

1980ల నాటికి కేబుల్ టెలివిజన్ రాకతో మండలముల సరిహద్దులు కూలిపోయినవి. ఆ కథ పలువురు చెప్పినదే. మిగిలిన శిథిలములనుండియే నేటి స్వతంత్రలోకము మొలకెత్తెను. 1994 ఆగస్టు 27న ఫిలడెల్ఫియాలో, బింగో ఆటలకు నెలవైన హాలులో, షేన్ డగ్లస్ అను మల్లుడు ఒక టోర్నమెంటు నెగ్గి అలయన్స్ బెల్టును పుచ్చుకొని, పూర్వఛాంపియన్ల పేర్లు వరుసగా తలచి, ఆ బెల్టును నేలకు విసరికొట్టి, తన స్థానికసంస్థయైన ఈసీడబ్ల్యూ బెల్టునే ప్రపంచ బిరుదముగా ప్రకటించెను. ఆ సాహసమును పొగడువారు చాలమంది. నాకు మాత్రము ఆ దృశ్యము ఎప్పుడును బాధ కలిగించును. ఎందరో భుజములు అరగగొట్టుకొని పోగుచేసిన పరువును ఒక్కడు నిమిషములో మంటికి పారవేయవచ్చునా? అయితే ఆ చర్యలో ఒక సత్యముకూడ కలదు: నలుబదియైదేండ్లకు పైబడిన చరిత్రగల బెల్టుకంటె, ఆ రాత్రి ఆ హాలులోని జనము దేనిని నమ్మిరో దానికే బలమెక్కువ.

ఈసీడబ్ల్యూ 2001లో మూతపడగా, దాని వీడియోలమ్మి బ్రతుకుచున్న ఫిలడెల్ఫియా వ్యాపారస్థులకు సరుకు కరవయ్యెను. తామే ఒక సంస్థ పెట్టి, తామే పోటీలు జరిపి, వాని క్యాసెట్లు తామే అమ్ముకొందమన్న ఆలోచననుండి పుట్టినది రింగ్ ఆఫ్ ఆనర్. 2002 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలోని మర్ఫీ రిక్రియేషన్ సెంటర్‌లో తొలి ప్రదర్శన. పోటీకి ముందును వెనుకను కరచాలనము చేయవలెనన్నది అచ్చటి నియమము. మొదటి ఐదునెలలు ఆ సంస్థకు బెల్టే లేదు. జులై 27న నలుగురు మల్లులు గంటసేపు పోరాడిన పిమ్మట లో కీ అను యువకుడు తొలి ఛాంపియన్ అయ్యెను. బెల్టు ఉన్నది గాని దానికింకను బరువు రాలేదు.

బరువు తెచ్చినవాడు సమోవా జో. 2003 మార్చి 22న గెలిచి, 2004 డిసెంబరు 26 వరకు, 645 దినములు ఆ బెల్టును మోసెను. 2003 మే నెలలో లండన్‌లో జీబ్రా కిడ్ అను ఆంగ్లమల్లునిపై దానిని నిలుపుకొనుటతో, కడలి దాటి వచ్చినదను కారణమున, అది ప్రపంచ ఛాంపియన్‌షిప్ అను పేరు తెచ్చుకొనెను. పెద్దసంస్థలు ప్రపంచ శబ్దమును ప్రకటనతోనే ధరించుచుండగా, ఈ చిన్నసంస్థ విమానపు టిక్కెట్టు కొని సంపాదించుట నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి. జో గెలిచిన పోటీలకంటె గెలువని పోటీలవలననే ఆ బెల్టు పెరిగినదని నా అభిప్రాయము. 2004 జూన్ 12న ఒహాయో రాష్ట్రములోని డేటన్‌లో సీఎం పంక్ అను షికాగో యువకునితో అరువది నిమిషములు పోరాడి సమముగా ముగించెను. అక్టోబరు 16న పంక్ సొంతగడ్డయైన షికాగో ప్రాంతమున మరల తలపడి, మరల అరువది నిమిషములు, మరల సమమే. రెండవసారి జరిగిన ఆ పోటీకి విమర్శకుడు డేవ్ మెల్ట్జర్ ఐదు నక్షత్రములిచ్చెను. 1997 తరువాత అమెరికాలో జరిగిన ఏ పోటీకిని ఆయన అంత విలువ కట్టియుండలేదు. డిసెంబరులో మూడవసారి జో గెలిచెను. అయితే ఆ గెలుపు నాటికి పంక్ ఓడినవాడుగా కనబడలేదు. ఛాంపియన్‌తో రెండు గంటలు నిలిచినవాడుగా కనబడెను. థెస్ నాటి పాతధర్మమును ఈ యువకులు చదివి నేర్చిరో, చూచి నేర్చిరో గాని, అక్షరాల పాటించిరి.

అట్లు పెంచిన బెల్టును జో తుదకు ఆస్టిన్ అరీస్‌కు ఒప్పగించెను. ఆకారమున జో కంటె ఎంతో చిన్నవాడు. పేరునను అప్పటికి చిన్నవాడే. ఇరువదియొక్క నెలలు ఎవరికిని లొంగని జోను ఓడించెనన్న ఒక్కమాటతో అరీస్ ఆ రాత్రియే పెద్దవాడయ్యెను. గొప్ప ఛాంపియన్ తన కీర్తిని తనతో తీసికొనిపోడు, పోరాదు. ఓటమిని సరిగా ఓడుట ఈ వృత్తిలో గెలుపుకంటె కష్టమైన విద్య. విసుగుతోనో అహంకారముతోనో, ఓడుచున్నను తాను ఓడలేదన్నట్లు లేచి దులుపుకొనిపోవు ఛాంపియన్లను నేను చూచితిని. అట్టివారు సంస్థ సొమ్ము దొంగిలించినవారితో సమానులని నా దృఢమైన నమ్మకము.

స్వతంత్రసంస్థ ప్రమోటరుకు అహర్నిశమును ఒక భయము: తన ఛాంపియన్‌ను పెద్దసంస్థ పిలుచుకొనిపోవునేమో యని. ఈ భయమునే కథగా మలచిన చాతుర్యము 2005 వేసవిలో కనబడెను. పెద్దసంస్థలో చేరుటకు నిశ్చయమైన పంక్, ఆ ఏడు జూన్ 18న న్యూజెర్సీలోని మారిస్‌టౌన్‌లో అరీస్‌ను ఓడించి తొలిసారి ఛాంపియన్ అయ్యెను. తమ బిడ్డకు వీడ్కోలు చెప్పవచ్చిన జనము ఆనందబాష్పములతో చప్పట్లు కొట్టుచుండగానే వారికి అడ్డము తిరిగి, ఈ బెల్టును మీకు దక్కనీయక వెంటబెట్టుకొనిపోదునని ప్రకటించి, కొలదిదినములకు పెద్దసంస్థ ఒప్పందపత్రమును ఆ బెల్టుపైననే పెట్టి సంతకము చేసెను. తరువాతి ప్రదర్శనములన్నిటిలో జనము గుండెలు చిక్కబట్టుకొని చూచిరి. ఆగస్టు 12న జేమ్స్ గిబ్సన్ అను మల్లుడు ఆ బెల్టును గెలిచినప్పుడు వారు పొందిన ఊరట నటన కాదు. మరునాడు షికాగోలో తన చిరకాలమిత్రుడు కోల్ట్ కబానాతో ఆఖరి పోటీ ఆడి పంక్ సెలవు తీసికొనెను. ఇందులో పరిశీలింపదగినదేమనగా, బెల్టు పోవునేమో అన్న బెంగ పుట్టుటకు అది ముందుగా జనులదై యుండవలెను. మూడేండ్లలో ఆ తోలుపట్టెడ ఆ స్థితికి వచ్చెను.

వస్తువుగా చూచినచో అది తోలుపట్టెడయే. దానిపై చెక్కిన లోహపు పలకలు, వానికి బంగారుపూత. రెగ్గీ పార్క్స్ అను కెనడా మల్లుడు ఈ బెల్టుల తయారీలో సాటిలేనివాడుగా పేరుపడెను. తాను బరిలో పోరాడినవాడే యగుటచే, కట్టుకొనువాని నడుము నొచ్చకుండ, కడపటి వరుసలో కూర్చున్నవానికిని మెరుపు కనబడునట్లు చేయుట అతనికి తెలిసెను. 2021లో ఆయన కన్నుమూసినప్పుడు పెద్దసంస్థలవారును చిన్నసంస్థలవారును సమముగ విచారించిరి. చిన్నసంస్థ ఛాంపియన్‌కు ఆ బెల్టు జీవనోపాధికూడ. దానిని పెట్టెలో పెట్టుకొని విమానాశ్రయమున తనిఖీవారికి ఇదేమో వివరించి, ప్రదర్శన ముగిసిన పిమ్మట చొక్కాల బల్లపై పరచి, పిల్లవాని భుజమున వేసి ఫొటో తీయనిచ్చి, ఆ రాత్రి దారిఖర్చు గిట్టుబాటు చేసికొనును. పక్క ఊరి సంస్థ ఛాంపియన్ అన్న మాట మరియొక సంస్థలో నాలుగు రాళ్ళు ఎక్కువ అడుగుటకు ఆధారమగును.

దుర్వినియోగముకూడ లేకపోలేదు. వందమంది రాని సంస్థకు ఆరు బెల్టులు. ప్రమోటరు తన నడుమునకో, తన కుమారుని నడుమునకో కట్టి ఏండ్లతరబడి విప్పకుండుట. వచ్చిన ప్రసిద్ధునికెల్ల ఒక రాత్రికి తగిలించి ప్రకటన వేసికొనుట. ఇవి అన్నిచోట్లను కానవచ్చును. మోయువాడు లేని బెల్టు ఇనుపముక్క. జనము దానిని గుర్తించుటకు మూడు నెలలు పట్టదు.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలసినది. అమెరికా టెలివిజన్‌లో స్త్రీల కుస్తీకి రెండుమూడు నిమిషములు మాత్రమే విదిల్చుచున్న కాలమున, 2005లో షికాగో దరి బెర్విన్‌లో షిమ్మర్ అను స్త్రీల సంస్థ వెలసెను. 2007 జూన్‌లో దాని తొలి ఛాంపియన్ సారా డెల్ రే. ఆమె పోరాటమున సొగసులకును, విలాసములకును తావులేదు. పట్టు, దెబ్బ, ఓర్పు, అంతే. 2008లో ఆమె నుండి బెల్టు గెలిచిన మిస్‌చీఫ్ దాదాపు రెండేండ్లు దానిని నిలిపెను. డెల్ రే పెద్దసంస్థ తెరపై వీరాంగనగా ఎన్నడును వెలుగలేదు. 2012లో ఆ సంస్థ ఆమెను శిక్షకురాలుగా పిలిచెను. ఫ్లోరిడాలోని శిక్షణశాలలో ఆమె చేతికింద నేర్చిన షార్లెట్ ఫ్లేర్, బెకీ లించ్‌లు రోండా రౌసీతో కలిసి 2019లో పెద్దసంస్థవారి వార్షిక మహాప్రదర్శనమైన రెజిల్‌మేనియాకు ఆఖరి పోటీ ఆడిరి; స్త్రీలకు ఆ స్థానము దక్కుట అదియే మొదలు. బెర్విన్‌లోని చిన్నహాలులో ఆమె కట్టిన వడ్డీ ఎక్కడకు చేరెనో చూడుడు.

2018 సెప్టెంబరు 1న షికాగో దరి హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో కోడీ రోడ్స్, యంగ్ బక్స్ సోదరులు అను మల్లులు తామే పూనుకొని జరిపిన ఆల్ ఇన్ ప్రదర్శనమునకు 11,263 మంది వచ్చిరి. పెద్దసంస్థ అండ లేకుండ పదివేలమందిని రప్పించుట అసాధ్యమన్న మాట ఆనాటితో వీగిపోయెను. ఆ రాత్రి కోడీ గెలిచినది డగ్లస్ నేలకు కొట్టిన ఆ అలయన్స్ బిరుదమునే. దానిని తొమ్మిదినెలలుగా నిక్ ఆల్డిస్ అను ఆంగ్లేయుడు ఊరూర తిరిగి, పాతకాలపు ఛాంపియన్ వలె పోరాడి, మరల నిలబెట్టుకొని వచ్చుచుండెను. కోడీ తండ్రి డస్టీ రోడ్స్ 1979లో హార్లీ రేస్ నుండి గెలిచి ఐదుదినములే ఉంచుకొన్న బెల్టు అది. కుమారుడు యాబది దినములుంచి, అక్టోబరు 21న నాష్‌విల్‌లో తిరిగి ఆల్డిస్‌కే ఇచ్చివేసెను. జనమంతయు కోడీ పేరుతోనే వచ్చిరి. కాని ఆల్డిస్ చేసిన ఆ ప్రయాణము లేనిచో ఆ రాత్రి గెలుచుకొనుటకు విలువగల వస్తువు ఉండెడిది కాదు. చరిత్ర వ్రాయువారు ఆల్డిస్‌ను కొంచెము త్వరగా దాటిపోవుచున్నారని నాకు తోచును.

ఒక జంట కథను కావలెననియే చివరకు మిగిల్చితిని. గిబ్సన్ నుండి 2005 సెప్టెంబరులో రింగ్ ఆఫ్ ఆనర్ బెల్టు గెలిచిన బ్రయన్ డేనియల్సన్ 462 దినములు దానిని మోసెను. 2006 ఆగస్టు 12న లివర్‌పూల్‌లో నైజెల్ మెగిన్నిస్ అను ఆంగ్లమల్లునితో జరిపిన పోటీలో మెగిన్నిస్ తలను ఇనుపస్తంభమునకు పదేపదే గుద్దించిన దృశ్యము చూచినవారు మరువరు. ఆ నెలాఖరున డేనియల్సన్ భుజము కీలు తప్పెను. విశ్రాంతి తీసికొనవలసినవాడు, న్యూయార్కు ప్రదర్శనమునకు టిక్కెట్లు అమ్ముడై యున్నవని, ఒంటిచేతితో జపాను మల్లుడు కెంటాపై బెల్టు నిలుపుకొనెను. డిసెంబరులో, ఆ సంస్థ తొలియేటినుండి నమ్మకముగా నున్న బ్రూక్లిన్ వాసి హోమిసైడ్‌కు సొంత ఊరిలో దానిని అప్పగించెను. 2007 అక్టోబరున ఆ బెల్టు మెగిన్నిస్‌కు దక్కెను. అతడు 545 దినములు మోసెను. తుదినెలలలో కండరములు చినిగిన చేతులతో, శస్త్రచికిత్స వాయిదా వేసికొని మోసెను.

ఇచ్చట నా మనస్సు రెండుగా చీలును. ఈ త్యాగమును పొగడుట తేలిక. కాని ఆ దెబ్బలను కొనుక్కొన్నది టిక్కెట్టు కొన్న మనమే. డేనియల్సన్‌ను 2016లో తలదెబ్బల వలన వైద్యులు రెండేండ్లు బరికి దూరము చేసిరి. మెగిన్నిస్‌కు పెద్దసంస్థ ద్వారము తెరచుకొన్నట్లే తెరచుకొని, ఆ చేతుల గాయముల కారణముననే మూసికొనెను. బిరుదు కోరిన వడ్డీ మనుష్యుని ఎముకలనుండి వసూలగుచున్నప్పుడు, చాలునని చెప్పవలసిన బాధ్యత బుకర్‌ది. చెప్పనిచో, చప్పట్లు తగ్గించవలసిన బాధ్యత ప్రేక్షకునిది. స్వతంత్రలోకము ఈ పాఠమును ఇంకను పూర్తిగా నేర్వలేదు.

2009 ఏప్రిల్ 3న, అదే వారాంతమున రెజిల్‌మేనియాకు ముస్తాబగుచున్న హ్యూస్టన్ నగరములోనే, మెగిన్నిస్ ఆ బెల్టును జెర్రీ లిన్ చేతిలో పెట్టెను. లిన్‌కు అప్పటికి నలుబదియైదేండ్లు. ఇరువదియేండ్లకు పైబడి ఊరూర తిరిగి, తనకంటె చిన్నవారినెందరినో పెద్దవారిని చేసి, తాను మాత్రము పెద్ద బిరుదమును అరుదుగనే చూచినవాడు. అతని నుండి అది మరల అరీస్‌కు పోయెను. ఆ ఏడు సెప్టెంబరు 26న న్యూయార్కులో డేనియల్సన్, మెగిన్నిస్‌లు ఇరువురును ఆ సంస్థను వీడుచు, బెల్టు ఏదియు పణముగా లేకుండ తుదిసారి తలపడిరి. డేనియల్సన్ గెలిచెను. బెల్టు లేని ఆ పోటీకే జనము ఆనాడు హాలు నింపిరి.

డేనియల్సన్ ఆపై పెద్దసంస్థల ఛాంపియన్ అయ్యెను. మెగిన్నిస్ ఆట విడిచి వ్యాఖ్యాతగా స్థిరపడెను. పదునైదేండ్లకు ఒక్కదినము తక్కువగా, 2024 సెప్టెంబరు 25న, న్యూయార్కులోని ఆర్థర్ ఆష్ టెన్నిస్ స్టేడియములో ఏఈడబ్ల్యూ సంస్థవారు వారిరువురిని మరల బరిలో నిలిపిరి. డేనియల్సన్ అప్పుడు ఆ సంస్థ ప్రపంచ ఛాంపియన్. పోటీలో మరల మెగిన్నిస్సే ఓడెను. నెల తిరుగకుండగనే, అక్టోబరు 12న, టకోమా నగరములో డేనియల్సన్ తన బెల్టును జాన్ మాక్స్‌లీకి వదలెను.